తీర్తొవాంగి పుట్టిన తేదీ

పక్కనున్న గిరిసోకా జిల్లా తన వెయ్యిన్ని డెబ్బై నాలుగో పుట్టినరోజు చేసుకున్న వారంలోనే, తీర్తొవాంగి బుపాతిగారికి తాను ఏలుతున్న జిల్లాకి పుట్టినరోజే లేదన్న సంగతి తెలిసొచ్చింది. అన్నాళ్లూ జిల్లా పుట్టకుండానే నడిచిపోయింది. పిల్లలు బడికి పోయారు, చెరకు పండింది, రోడ్లకి గుంటలు పడ్డాయి, ఎన్నికల ముందు పూడాయి. ఎవరికీ ఏ లోటూ తెలియలేదు. కాని గిరిసోకా వాళ్లు మూడు రోజులు గమెలాన్ కంచు వాద్యాలు వాయించి, తోలుబొమ్మలాట ఆడించి, జకార్తా నుంచి టీవీ వాళ్లని రప్పించారు. ఆ టీవీలో గిరిసోకా బుపాతి గుర్రబ్బండి మీద నిలబడి చెయ్యి ఊపుతూ కనిపించేసరికి, తీర్తొవాంగి బుపాతిగారికి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడే కమిటీ వేశారు. జిల్లా జన్మదిన నిర్ధారణ సంఘం అని దాని పేరు. పది మంది సభ్యులు. అధ్యక్షుడు పర్యాటక శాఖ పెద్ద పాక్ సుబ్రోతో. వ్యవసాయశాఖ నుంచి ఒకరు, రవాణా నుంచి ఒకరు, పోలీసుల నుంచి ఒకరు, పశువైద్యుడు ఒకరు, మహిళల తరఫున బుపాతిగారి భార్య, వ్యాపారుల తరఫున బాతిక్ అద్దకం యజమాని, ఇలా అన్ని వర్గాలకీ న్యాయం చేశారు. జాబితా టైపు కొట్టేశాక, చరిత్రకి సంబంధించిన కమిటీలో చరిత్ర చదివిన మనిషి ఒకరుంటే చూడ్డానికి బావుంటుందని ఎవరో అన్నారు. అలా అడుగున చేత్తో రాసి చేర్చిన పదకొండో పేరు ఇబూ వినార్తిది. అక్కడ పెద్దమనుషుల్లో మగవాళ్లని పాక్ అనీ, ఆడవాళ్లని ఇబూ అనీ గౌరవంగా పిలుస్తారు.

వినార్తి ఆ ఊరి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఇరవయ్యారేళ్లుగా చరిత్ర చెబుతోంది. యాభై మూడేళ్ల మనిషి. ఎవరేం చెప్పినా "మీకెలా తెలుసు?" అనడం ఆమెకి ఊపిరి తీసుకున్నంత మామూలు. వాన పడేలా ఉందన్నా అడుగుతుంది. పిల్ల ఎర్రగా బావుందని ఎవరైనా పెళ్లి సంబంధం గురించి చెప్పినా అడుగుతుంది. అందువల్ల విద్యార్థులు ఆమె క్లాసులో ముందు వరస వదిలేసి కూర్చునేవారు, విందుల్లో ఆమె పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా దొరికేది.

మొదటి సమావేశంలో వేయించిన టెంపె సోయా బిళ్లలు, తియ్యటి టీ వచ్చాయి. అవయ్యాక పాక్ సుబ్రోతో గొంతు సవరించుకుని వినార్తి వైపు తిరిగాడు.

"ఇబూ, మీకు పెద్ద శ్రమేం పెట్టం. తేదీ, నెల మేం చూసేసుకున్నాం. నవంబరు పద్నాలుగు. మీరు సంవత్సరం ఒక్కటి చూసిపెట్టండి చాలు."

"నవంబరు పద్నాలుగు ఎక్కడ దొరికింది పాక్?"

"బుపాతిగారికి ఆ వారం ఖాళీ. వానలు కూడా అప్పటికి గట్టిగా పట్టుకోవు."

"మరి సంవత్సరం ఎలాంటిది కావాలి?"

"మీ ఇష్టం ఇబూ. చరిత్రలో మేం జోక్యం చేసుకోం. గిరిసోకా కన్నా ముందుదైతే చాలు."

అందరూ నవ్వారు, వినార్తి కూడా నవ్వింది. నవ్వుతూనే, మూడు నెలలు వెతికి, ఏమీ దొరకలేదని ఒక పేజీ రాసిచ్చి బయటపడదామని లెక్కేసుకుంది. అప్పుడు సుబ్రోతో సంచీలోంచి పసుపుపచ్చబడిన ఒక పాత పత్రిక తీసి బల్ల మీద పెట్టాడు.

"అసలు వెతకాల్సిన పని కూడా లేదు. ఇరవై రెండేళ్ల కిందటే మీరు కనిపెట్టేశారు కదా. లోజి పేటలో ఉన్న రాతి శాసనం. శక సంవత్సరం ఏడు వందల తొంభై ఎనిమిది. అంటే క్రీస్తు శకం ఎనిమిది వందల డెబ్బై ఆరు. గిరిసోకా కన్నా యాభై మూడేళ్లు పెద్దవాళ్లం మనం. మీ పేరుతోనే అచ్చయింది ఇబూ. ఇంత గొప్ప విషయం ఇన్నాళ్లూ కడుపులో ఎలా దాచుకున్నారో గాని."

కమిటీ చప్పట్లు కొట్టింది. బుపాతిగారి భార్య లేచి వచ్చి వినార్తి చేతులు పట్టుకుంది. వినార్తి మాత్రం ఆ పత్రికని తెరవకుండానే బల్ల మీద అవతలికి జరిపింది.

ఎందుకంటే ఆ శాసనాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ వ్యాసం రాసేనాటికి వినార్తికి ముప్ఫై ఒకటి. ఉద్యోగం ఖాయం కావాలంటే ఒక వ్యాసం అచ్చవ్వాలి. 1911లో ఒక డచ్చి అధికారి ఆ ప్రాంతం తిరిగి రాసిన నివేదికలో ఆ రాయి గురించి అరపేజీ ఉంది. సంవత్సరం కూడా ఆయనే చదివి పెట్టాడు. ఆమె దాన్ని తీసుకుని, చుట్టూ పదహారు పేజీలు అల్లి, తానే ఆ రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని చదివినంత గంభీరంగా రాసింది. ఆ నెల వానలు, లోజి పేట దారి బురద, పత్రిక వాళ్ల తొందర, ఇలా ఆమెకి కారణాలున్నాయి. ఇన్నేళ్లూ పిల్లల్ని మీకెలా తెలుసని నిలదీస్తూ వచ్చిన మనిషిని ఆ ప్రశ్న తిరిగి ఎవరూ అడగకపోవడం ఆమె అదృష్టం. ఆ డచ్చాయన గుర్రం దిగి చూశాడో లేదో నివేదికలో లేదు. వినార్తి అయితే స్కూటరు కూడా ఎక్కలేదు.

"నాకు మూడు నెలలు కావాలి పాక్. రాయిని ఒకసారి చూసొస్తాను," అంది.

"మీరు చూసిందే కదా ఇబూ."

"మళ్లీ చూస్తాను," అంది వినార్తి. ఆ 'మళ్లీ' అన్న మాట ఆమెకి రాత్రిదాకా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

లోజి పేటలో ఆ రాయి, ఊరంతా ఎంబా అని, అంటే అవ్వ అని పిలిచే రుమినీ ఇంటి పెరట్లో, కోళ్లగూటికీ నూతికీ మధ్య ఉంది. నడుమెత్తు నల్లరాయి, పైన మొన తేలి ఉంది. దాని నెత్తి మీద చేట, చేటలో కర్రపెండలం ముక్కలు ఎండుతున్నాయి. రాతి అడుగున వాడిన గులాబీ రేకులు. రుమినీకి ఎనభై దాటాయి. వినార్తి సంచీలోంచి కొలత టేపు తీయగానే ముసలావిడ చేటతో అడ్డం వచ్చింది.

"ఆగు తల్లీ. ఆయన్ని అడిగావా?"

"ఎవర్ని ఎంబా?"

"రాయిని. పెద్దాయన ఆయన. మీ ఇంటికొచ్చి ఎవరైనా నీ నడుం కొలిస్తే ఊరుకుంటావా?"

వినార్తి రాయి ముందు చేతులు కట్టుకుని, మనసులో కాస్త క్షమాపణ చెప్పుకుంది. నిజానికి ఆ రాయికి ఆమె ఇరవై రెండేళ్ల క్షమాపణ బాకీ ఉంది. తర్వాత మెత్తటి బ్రష్షుతో, నీళ్లతో నాచు కడిగింది. తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కుంచెతో కొట్టి, ఆరాక ఒలిచింది. అలా నాలుగు కాగితాలు. మొదటిది కోడిపుంజు పాడుచేసింది.

ఆ కాగితాలతో ఐదు వారాలు కూర్చుంది. రోజుకి ఒక పంక్తి కూడా సాగేది కాదు. ఒకరోజు పొద్దుట 'వంతెన' అని చదివింది సాయంత్రానికి 'వంకాయ' అయ్యేది, మర్నాటికి రెండూ కాకుండా పోయేది. అయినా చాలా ఏళ్ల తర్వాత ఆమె ఆకలి మర్చిపోయి పని చేసింది. తనకి తెలియని విషయం ఒకటి తన ముందు కూర్చుని ఉంది, అది తన ఉద్యోగం గురించి గాని బుపాతిగారి గుర్రబ్బండి గురించి గాని పట్టించుకోవడం లేదు. ఆ నిర్లక్ష్యం ఆమెకి ఎంతో నచ్చింది.

ముందుగా తేలింది శాసనంలో ఏముందన్నది. వరూక్ అనే ఊరివాళ్లు ఏటిగట్టు కాపాడుతున్నందుకు రాజు వాళ్ల భూమిని స్వేచ్ఛాభూమి చేశాడు. ఇకమీదట ఏ రాజోద్యోగీ ఆ ఊళ్లో కాలు పెట్టరాదు. ఎవరెవరు కాలు పెట్టరాదో రాజు ఓపిగ్గా పేరుపేరునా చెక్కించాడు. ధాన్యం పెద్ద, గేదెల పెద్ద, పడవరేవు పెద్ద, బట్టల అద్దకం పెద్ద, వేడుకల పెద్ద. చదువుతూ చదువుతూ వినార్తి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కమిటీ హాజరుపట్టీ చదువుతున్నట్టే ఉంది.

తర్వాత సంవత్సరం. డచ్చాయన మొదటి అంకెని ఏడని చదివాడు. అదే శాసనంలో కింద, సాక్షులకిచ్చిన కానుకల దగ్గర 'బట్టలు ఏడు జతలు' అని ఉంది. వినార్తి ఆ ఏడునీ ఈ ఏడునీ పక్కపక్కన పెట్టింది. ఒకే చెయ్యి చెక్కింది, అయినా రెండూ ఒకలా లేవు. పైదానికి ఎడంవైపు చిన్న కొక్కెం ఉంది. 1911లో దాని మీద నాచుండి ఉంటుంది. కొక్కెం ఉన్నది తొమ్మిది. అంటే తొమ్మిది వందల తొంభై ఎనిమిది. క్రీస్తు శకం వెయ్యిన్ని డెబ్బై ఆరు. ఆ అంకె మారడంతో తీర్తొవాంగి వయసు రెండొందలేళ్లు తగ్గింది. గిరిసోకాకి అక్క కావలసినది చెల్లెలైంది.

కన్ను మోసం చేయొచ్చు. అందుకని ఆమె పంచాంగం వేసింది. శాసనంలో తిథి ఉంది, మంగళవారమని ఉంది, సంతల కోసం లెక్కపెట్టే ఐదు రోజుల వారంలో అది ఎన్నో రోజో కూడా ఉంది. ఏడు వందల తొంభై ఎనిమిదిలో ఆ తిథి మంగళవారం పడనే పడదు. తొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో పడుతుంది. లెక్క మూడుసార్లు వేసింది. గణితం చెప్పే సహోద్యోగికి అదేంటో చెప్పకుండా ఇచ్చి నాలుగోసారి వేయించింది. ఆయన అదే చెప్పి, "ఎవరి జాతకం ఇబూ?" అని అడిగాడు.

"నాదే పాక్," అంది.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. వరూక్ అనే ఊరు తీర్తొవాంగిలో ఎక్కడా లేదు. నదికి అవతల, గిరిసోకా జిల్లాలో, వరు అనే పల్లె ఒకటుంది. అవతలి ఊరి శాసనం ఇవతలి పెరట్లో ఏం చేస్తోంది? వినార్తి మళ్లీ లోజి పేట వెళ్లింది.

"ఎంబా, ఈ రాయి ఎప్పట్నుంచి ఇక్కడుంది?"

"ఎప్పట్నుంచో. లోకం పుట్టిన దగ్గర్నుంచి."

"మీ చిన్నప్పుడు ఎవరైనా దీని గురించి ఏమైనా చెప్పేవాళ్లా?"

రుమినీ పెండలం ముక్కలు తిరగేస్తూ ఆలోచించింది. "మా తాత చెప్పేవాడు. ఆయన్ని బండి మీద తెచ్చింది తనేనని. చక్కెర మిల్లు కట్టేటప్పుడు దొరగారికి తోటలో బొమ్మ కావాల్సొచ్చిందట. నది అవతల దొరికాడు ఈయన. వెదురు తెప్ప కట్టి దాటించారు. నాలుగు ఎద్దులు లాగాయట. దొర బంగళా ఇదిగో, ఇక్కడే ఉండేది. అందుకే కదా లోజి అంటారు."

"లోకం పుట్టిన దగ్గర్నుంచీ ఉందన్నారు?"

"నువ్వు ఎప్పట్నుంచని అడిగావు, అది చెప్పాను. ఎలా వచ్చాడని అడిగావు, ఇది చెప్పాను. అడిగేవాళ్లకి సరిగా అడగడం రావద్దూ?"

ఈ మాట వినార్తి ఇంటికెళ్లాక నోటుపుస్తకంలో రాసుకుంది. ఇరవయ్యారేళ్లలో తాను తరగతిలో చెప్పినదాని కన్నా అందులో ఎక్కువుందని ఆమెకి అనిపించింది.

తాత చెప్పాడన్న ఒక్క మాట చాలదు. మూతబడిన చక్కెర మిల్లు గిడ్డంగిలో చెదలు తినగా మిగిలిన కాగితాలున్నాయి. కాపలాదారుడు అవి పాతవి, పనికిరావు, కావలసినంత సేపు చూసుకోమన్నాడు. తొమ్మిది రోజులు తుమ్మింది. తొమ్మిదో రోజు 1893 నాటి ఉత్తరం ఒకటి దొరికింది. మిల్లు ఉపాధికారి పైవాడికి రాసుకున్న గోడు. దొరగారి తోట కోసం నదికి అవతలి నుంచి ఆ దరిద్రపు రాయిని ఈడ్చడంలో మంచి ఎద్దులు రెండూ కాళ్లు కుంటిపడ్డాయి, చెరకు కోత మీద పడింది, ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి అని. తాత కథలో ఎద్దులు నాలుగు, ఉత్తరంలో రెండు. మూడు తరాల్లో రెండు ఎద్దులు పెరగడం పెద్ద విశేషం కాదు. నది మాత్రం రెండింట్లోనూ ఉంది.

నివేదిక పదకొండు పేజీలు అయింది. మొదటి పేజీలోనే, 'ఈ విషయంలో నేను 1981లో రాసింది తప్పు. శాసనాన్ని చూడకుండా రాశాను' అని ఉంది. ఆ రెండు వాక్యాలు రాయడానికే నాలుగు రోజులు పట్టింది. ముందు 'కొంత పునఃపరిశీలన అవసరం' అని రాసి చూసుకుంది. అది చదివితే రాసింది పాక్ సుబ్రోతో అనిపించి కొట్టేసింది.

సమావేశంలో ఆమె ముప్పావు గంట మాట్లాడింది. కొక్కెం చూపించింది, పంచాంగం చూపించింది, ఉత్తరం చదివింది. కమిటీ చాలా మర్యాదగా విన్నది. బాతిక్ యజమాని అప్పటికే శక 798 అని అద్దించిన చొక్కా వేసుకొచ్చాడు. ఆయన నెమ్మదిగా బొత్తాలు విప్పుకుందామా వద్దా అన్నట్టు చూస్తున్నాడు.

"అయితే ఇబూ, ఇరవై రెండేళ్ల కిందట మీరు రాసింది అబద్ధమా?" అన్నాడు సుబ్రోతో.

"తప్పు పాక్."

"తేడా ఏంటి?"

"తెలిసి రాస్తే అబద్ధం. చూడకుండా రాశాను, తప్పు."

"మరి ఇప్పుడు రాసింది రైటని ఏంటి నమ్మకం? ఇంకో ఇరవై ఏళ్లకి ఇదీ తప్పంటారేమో."

"ఎవరైనా ఇంకా మంచి ఆధారం చూపిస్తే అంటాను."

సుబ్రోతో కమిటీ వైపు తిరిగి చేతులు చాపాడు. "విన్నారుగా. ఎటూ తప్పే అవుతుందని ఇబూగారే చెబుతున్నారు. అలాంటప్పుడు ఇంతకు ముందటి తప్పే ఉంచుకుంటే పోలా? చొక్కాలు కూడా అయిపోయాయి."

పోలీసాయన కలగజేసుకున్నాడు. "ముసలావిడ సాక్ష్యం నిలవదండి. తాత చెప్పాడంటోంది. తాతని ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"అందుకే ఉత్తరం వెతికాను," అంది వినార్తి.

"ఉత్తరం డచ్చివాళ్లది. వాళ్లు మనల్ని మూడొందలేళ్లు మోసం చేశారు. ఇప్పుడు వాళ్ల మాట నమ్మాలా?"

"ఏడు వందల తొంభై ఎనిమిది కూడా డచ్చివాడు చెప్పిందే పాక్."

పోలీసాయన ఆ మాటని తన డైరీలో రాసుకున్నాడు. బుపాతిగారి భార్య, "అన్నదమ్ముల్లాంటి జిల్లాలు, వయసు గురించి దెబ్బలాట దేనికి. చేతులెత్తి తేల్చేద్దాం," అంది. తొమ్మిది చేతులు లేచాయి. పశువైద్యుడు ఆ ఎద్దులకి తర్వాత ఏమైందో ఉత్తరంలో ఉందా అని పక్కకి వంగి అడుగుతూ చెయ్యెత్తడం మర్చిపోయాడు. శక 798 భారీ ఆధిక్యంతో గెలిచింది. వినార్తి నివేదికని అనుబంధంగా జతపరచాలని తీర్మానించారు. దేనికి అనుబంధమో రాయలేదు.

ఆమె రాజీనామా కాగితం రాసి సంచీలో పెట్టుకుంది. ఇవ్వలేదు. ఈలోగా బుపాతిగారి నుంచి స్వయంగా కబురొచ్చింది. కూడలిలో ఆ శాసనానికి ఫైబరు నకలు పెడుతున్నాం, ఆవిష్కరణ రోజున పాత భాషలో కొన్ని పంక్తులు చదివి జనానికి అర్థం చెప్పాలి, జిల్లాలో అది చదవగలిగిన మనిషి మీరొక్కరే అని. వినార్తి రెండు రోజులు ఆలోచించింది.

"సంవత్సరం ఊసెత్తను. శాసనంలో ఉన్నది ఉన్నట్టు చదువుతాను. దానికి ఒప్పుకుంటేనే వస్తాను," అని సుబ్రోతోకి ఫోను చేసింది.

"ఉన్నది ఉన్నట్టే కావాలి ఇబూ. అదే కదా మన సంస్కృతి," అన్నాడు సుబ్రోతో పొంగిపోయి.

నవంబరు పద్నాలుగున తీర్తొవాంగికి వెయ్యిన్ని నూట ఇరవై ఏడేళ్లు నిండాయి. వానలు గట్టిగా పట్టుకోవన్న అంచనా తప్పి పొద్దున్నే కుండపోత కురిసింది, తొమ్మిదింటికి తెరిపిచ్చింది. కూడలి నిండా జనం. మనిషెత్తు పసుపన్నం గోపురం కట్టి చుట్టూ కోడికూర, కొబ్బరి వేపుడు పేర్చారు. బుపాతిగారు తాడు లాగారు. బట్ట జారింది. ఫైబరు శాసనం అసలు దానికన్నా రెండింతలుంది. నాచు లేదు, పగుళ్లు లేవు, అక్షరాలకి బంగారు రంగు కూడా వేశారు. దాని చుట్టూ అధికారులు యూనిఫారాల్లో వరసగా నిలబడ్డారు.

వినార్తి మైకు దగ్గరికి వెళ్లి ఆరు పంక్తులు పాత భాషలో చదివింది. అర్థం కాకపోయినా ఆ మాటల బరువుకి జనం కదలకుండా విన్నారు. బుపాతిగారు కళ్లు మూసుకున్నారు. చదవడం అయ్యాక ఆయనే ముందుకి వంగి, "ఇప్పుడు అర్థం చెప్పండి ఇబూ, మన పూర్వీకులు మనకేం చెప్పారో," అన్నారు.

"ఈ భూమి ఊరివాళ్లదని చెప్పారు," అంది వినార్తి. "రాజుగారి ఉద్యోగులు ఎవరూ ఇందులో అడుగు పెట్టకూడదని చెప్పారు. ఎవరంటే, ధాన్యం పెద్ద."

వ్యవసాయశాఖాయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

"గేదెల పెద్ద. పడవరేవు పెద్ద. బట్టల అద్దకం పెద్ద. వేడుకల పెద్ద. ఆజ్ఞ మీరి వచ్చినవాణ్ణి అడవికి పోతే పులి తినుగాక, నీళ్లలో దిగితే మొసలి పట్టుగాక, పొలంలో నడిస్తే పిడుగు పడుగాక."

వెనక వరసల్లో చెరకు రైతులు ముందు చిన్నగా, తర్వాత బాహాటంగా నవ్వడం మొదలుపెట్టారు. లవంగం సిగరెట్టు నోట్లో పెట్టుకున్న ఒక పెద్దాయన చెయ్యెత్తి, "ఇబూ, ఆ పేర్లు ఇంకోసారి చదవండి, మా వాడు రాసుకుంటాడట," అని అరిచాడు. వినార్తి మళ్లీ చదివింది. వేడుకల పెద్ద దగ్గరికి వచ్చేసరికి పాక్ సుబ్రోతో గమెలాన్ వాళ్లకి సైగ చేశాడు. వాళ్లు మోగించారు. అధికారుల వరస, మొత్తమ్మీద ఒక్కొక్కరుగా, శాసనానికి కాస్త దూరం జరిగింది.

మర్నాడు ఆమెని కమిటీ నుంచి తప్పించారు. కమిటీ పని అంతకు ముందురోజే ముగిసింది కాబట్టి ఆ ఉత్తర్వు వల్ల ఎవరికీ నష్టం కలగలేదు. వినార్తి తన పదకొండు పేజీలూ సరిచేసి, ఇరవై రెండేళ్ల కిందటి వ్యాసం అచ్చేసిన ఆ పత్రికకే పంపింది. దానికి 'నా తప్పు గురించి' అని పేరు పెట్టింది. సంపాదకుడు ఫోను చేసి, పేరు కాస్త హుందాగా మార్చమన్నాడు. ఆమె మార్చలేదు. అచ్చయిన రోజు కళాశాల భోజనాల గదిలో ఆమె పక్క కుర్చీతో పాటు ఎదుటి కుర్చీ కూడా ఖాళీ అయింది. ఆమెకి సిగ్గుగానే ఉంది. కాని ఎన్నాళ్లుగానో పంటి కింద ఇరుక్కున్న రాయి ఊడొచ్చినట్టు కూడా ఉంది.

ఆ వ్యాసాన్ని శ్రద్ధగా చదివింది గిరిసోకా ప్రభుత్వం. రాయి తమ ఊరిదని చరిత్రకారిణే ఒప్పుకున్నాక ఆలస్యం దేనికని, పూలదండలు చుట్టిన లారీలో పన్నెండు మందిని లోజి పేటకి పంపింది. ఎంబా రుమినీ వాళ్లకి టీ ఇచ్చి కూర్చోబెట్టింది.

"తీసుకెళ్లండి నాయనా. అడ్డేం లేదు. ఎద్దులు తెచ్చుకున్నారా?"

"లారీ ఉంది ఎంబా."

"ఎద్దుల మీద వచ్చినాయన ఎద్దుల మీదే పోతాడు. లారీ ఎక్కించాలంటే ముందు ఆయన్ని అడగండి. ఆయన సరేనని చెప్పేదాకా ఇక్కడే కూర్చోండి. నాకేం తొందర లేదు."

సాయంత్రం నాలుగుదాకా కూర్చున్నారు. రాయి ఏమీ చెప్పలేదు. పన్నెండు మందీ పూలదండలు దాని కింద పెట్టి లారీ ఎక్కి వెళ్లిపోయారు. ఆ దండల్ని మేక తినేసింది.

మూడు నెలలకి గిరిసోకా నుంచే వినార్తికి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన పేరు మర్గోనో. భూమి కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. గుండ్రటి చేతిరాత, ఆరు పేజీలు. ఇబూగారి వ్యాసం రెండుసార్లు చదివాననీ, సంవత్సరం విషయంలో తనకి మాట్లాడే అర్హత లేదనీ, ఊరి విషయంలో మాత్రం ఆమె పొరబడ్డారనీ రాశాడు. 'నది ఇప్పుడున్న చోటే వెయ్యేళ్ల కిందటా ఉందని మీరు అనుకున్నారు. మీకెలా తెలుసు?' అని అడిగాడు.

వినార్తి ఉత్తరం మడిచి, మళ్లీ విప్పి, ఆ వాక్యం ఇంకోసారి చదివింది. ముందు కోపం వచ్చింది. కోపం తగ్గేదాకా ఇల్లు ఊడ్చింది. తర్వాత ఆలోచిస్తే, నిజమే, ఆమె నదిని అడగలేదు. నది ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుందని, డచ్చాయన ఏడు ఏడేనని అనుకున్నంత సులువుగా అనుకుంది. ఆ ఆదివారమే బస్సెక్కింది.

మర్గోనో పొట్టి మనిషి. గొడుగు, చుట్ట చుట్టిన పటం చంకలో పెట్టుకుని బస్సుల దగ్గర నిలబడ్డాడు. వరు పల్లె వెనక పొలాల్లోకి తీసుకెళ్లాడు. అక్కడ వరిమళ్లు ఒక వంపులో, చంద్రవంకలాగా, చుట్టూ ఉన్న నేల కన్నా మోకాలి లోతు దిగి ఉన్నాయి.

"పాతరోజుల్లో కొండ పేలినప్పుడు బూడిదొచ్చి పాత దారి పూడిపోయింది ఇబూ. నది పడమటికి తిరిగింది. అంతకు ముందు ఇదిగో, ఇలా పారేదని నా అనుమానం. అదే నిజమైతే ఆ రోజుల్లో వరూక్ మీ వైపే ఉంది."

"అంటే రాయి తీర్తొవాంగిదేనంటారా? మీది గిరిసోకా కదా పాక్. మీవాళ్లు వింటే ఏమంటారు?"

"మావాళ్లు లారీలో వచ్చి అడిగితే చెబుతాను. ఇంతవరకూ అడగలేదు. అయినా అప్పటికి మీ వైపు, మా వైపు అని ఉందా? గట్టు కాసుకునేవాళ్లు ఉన్నారు, అంతే కదా మీ రాతలో."

వినార్తి వంపు పొడుగునా కళ్లతో కొలిచింది. పల్లపు మడి అన్నంత మాత్రాన అది నది అయిపోదు. చెరువు పూడినా అలాగే ఉంటుంది. ఆ మాటే అంది. మర్గోనో నొచ్చుకోలేదు. మడి పక్కనే ఒక రైతు కొత్తగా తవ్వుకున్న బావి ఉందనీ, ఇంకా ఒరలు దించలేదనీ, పక్క గోడ చూడొచ్చనీ చెప్పాడు. రైతు నిచ్చెన దించాడు. కొడుకుని దించుతానన్నాడు గాని వినార్తి ఒప్పుకోలేదు. చెప్పులు విడిచి, కళ్లద్దాలు తాడుతో మెళ్లో కట్టుకుని, యాభై నాలుగో ఏట తానే దిగింది.

పైన మూరెడు నల్లమట్టి. దాని కింద బూడిదరంగు పొర, వేలితో గీస్తే రాలింది. ఆ కింద, ఆమె మొహానికి ఎదురుగా, గుడ్డు పరిమాణంలో నున్నటి గుండ్రాళ్లు, ఇసక, మళ్లీ గుండ్రాళ్లు. నిలవ నీళ్లు అలాంటి రాళ్లని చెయ్యవు. ఒకటి గోడలోంచి పెరికి అరచేతిలో తిప్పి చూసింది. అచ్చయి ఏడాదైనా తిరగని తన వ్యాసం పదో పేజీ, తప్పు గురించి రాసిన పేజీయే, ఇప్పుడు తప్పేమో. ఆమెకి నవ్వొచ్చింది. ఈసారి సిగ్గు పెద్దగా తెలియలేదు.

"ఏం కనిపించింది ఇబూ?" అన్నాడు పైనుంచి మర్గోనో.

"గుండ్రాళ్లు. కాని ఒక్క బావి చాలదు పాక్. ఈ వంపులో ఇంకెవరెవరు బావులు తవ్వించారో కనుక్కోండి," అంటూ ఆమె ఆ రాయిని కండువా కొంగులో ముడివేసుకుని నిచ్చెన మెట్టు పట్టుకుంది.